పాత డీజిల్ పికప్‌పై డబ్బు పెట్టాలా? ముందు లెక్క, తర్వాతే పానా

తోట నుంచి రైతు బజారుకు, కల్లం నుంచి మార్కెట్ యార్డుకు సరుకు చేర్చడానికి పాత డీజిల్ పికప్ కొనుక్కున్న చిన్న రైతులు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు. బొలెరో పికప్, టాటా 207, టాటా ఏస్ లాంటి బండ్లు రెండో చేతిలోనో మూడో చేతిలోనో మీ దగ్గరికి వచ్చి ఉంటాయి. ఇప్పుడు వాటి వయసు పన్నెండు, పదిహేను, పద్దెనిమిదేళ్లు. ఒకపక్క ఎఫ్‌సీ ఫీజులు పెరిగాయి. మరోపక్క డీజిల్ లీటరు నూరు రూపాయలకు దగ్గరలో ఉంది. కొత్త పికప్ కొందామంటే ఎనిమిది నుంచి పది లక్షలు కావాలి. అందుకే "పాత బండినే బాగు చేయించుకుందామా, వదిలించుకుందామా?" అని చాలామంది అడుగుతున్నారు.

దీనికి అందరికీ ఒకే సమాధానం లేదు. మీ బండి పరిస్థితిని బట్టి, ఏడాదికి ఎన్ని ట్రిప్పులు తిరుగుతుందన్న దాన్ని బట్టి సమాధానం మారుతుంది. ఆ లెక్క మీరే ఎలా వేసుకోవాలో, ఇంటి దగ్గర ఏ పనులు చేసుకోవచ్చో, ఏవి ముట్టుకోకూడదో ఇక్కడ చూద్దాం.

ఏది నిజం, ఏది పుకారు

"పదేళ్లు దాటిన డీజిల్ బండ్లను ఆపేస్తున్నారు" అన్న సందేశం వాట్సాప్‌లో తరచూ తిరుగుతోంది. పదేళ్ల డీజిల్ నిబంధన ఢిల్లీ, దాని చుట్టుపక్కల ఎన్‌సీఆర్ ప్రాంతానికి మాత్రమే సంబంధించినది. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇచ్చిన ఆదేశంతో అది మొదలైంది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2025లో మళ్లీ విచారణకు వచ్చి కొన్ని సడలింపులు, మార్పులు జరిగాయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో పదేళ్లు దాటిందన్న ఒక్క కారణంతో మీ పికప్‌ను ఎవరూ ఆపరు. ఈ భయం చూపించి బండిని తక్కువ ధరకు కొట్టేయాలని చూసే దళారులున్నారు, జాగ్రత్త.

పదిహేనేళ్లు నిండితే తుక్కు చేయాల్సిందే అన్నదీ పూర్తి నిజం కాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ నిబంధన ప్రభుత్వ వాహనాలకు అమలవుతోంది. రైతుల బండ్ల విషయంలో చూసేది ఫిట్‌నెస్. పరీక్షలో నెగ్గితే నడుస్తుంది, నెగ్గకపోతే ఆగుతుంది. సరుకు బండ్లకు మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీ చేయించాలి.

నిజంగా మారింది ఫీజు. 2022 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన తేలికపాటి సరుకు వాహనానికి ఎఫ్‌సీ ఫీజు 7,500 రూపాయలైంది. 2025 నవంబరులో కేంద్రం వయసుల వారీగా ఫీజులను మళ్లీ మార్చింది. ఇరవై ఏళ్లు దాటిన తేలికపాటి వాహనానికి 15,000 రూపాయలు పెట్టింది. మీ బండి వయసుకు మన రాష్ట్రంలో ఈరోజు ఎంత కట్టాలో రవాణా శాఖ వెబ్‌సైటులోనో మీసేవ కేంద్రంలోనో చూసుకున్నాకే ఏజెంటుకు డబ్బివ్వండి. ఎఫ్‌సీ గడువు దాటితే రోజుకు 50 రూపాయల చొప్పున అదనంగా పడుతుంది. ఆరు నెలలు పక్కన పడేసిన బండికి ఆ ఒక్క పద్దులోనే తొమ్మిది వేలవుతుంది.

కొంత ఊరట కూడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్త సరుకు బండ్ల మీద కూడా అంతే తగ్గింది. సరుకు వాహనాల థర్డ్ పార్టీ బీమాపై 12 నుంచి 5 శాతానికి దిగింది. విడిభాగాలు కొన్నప్పుడు బిల్లు అడిగి తీసుకోండి. బిల్లు లేని చోట ఈ తగ్గింపు మీ దాకా రాదు, నకిలీ సామాను అంటగట్టే అవకాశమూ ఎక్కువ.

కాగితాలు చూశాకే పానా పట్టండి

బండి మీద రూపాయి పెట్టే ముందు ఆర్‌సీ తీసి చూడండి. పేరు మీదేనా? చేతులు మారిన పాత బండ్లలో చాలావాటికి పేరు మార్పిడి జరగదు. పేరు మారకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర చిక్కు, అమ్మబోతే చిక్కు, తుక్కుకు ఇవ్వబోయినా చిక్కే. పాత ఫైనాన్స్ ఎంట్రీ కొట్టేసి ఉందా, చలాన్లు బాకీ ఉన్నాయా, పన్ను ఎప్పటి వరకు కట్టి ఉంది అన్నవి కూడా చూడండి. బాకీలే ముప్పై, నలభై వేలుంటే మీ లెక్క అక్కడే మారిపోతుంది.

ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్‌సీతో సరిపోలాలి. తుప్పు పట్టి ఛాసిస్ నంబరు కనిపించకపోతే ఎఫ్‌సీ దగ్గరే బండి ఆగిపోతుంది.

మూడు దారుల లెక్క

మీ ముందు మూడు దారులున్నాయి: పాత బండిని బాగు చేసుకోవడం, దాన్ని అమ్మేసి కిరాయి బండి పిలిపించుకోవడం, కొత్తది కొనడం. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. మీ ఊరి ధరలు పెట్టి మీరూ ఇలాగే వేసుకోండి.

యార్డు మీకు రానూపోనూ 80 కిలోమీటర్లు అనుకుందాం. కిరాయి బండి ట్రిప్పుకు 2,000 తీసుకుంటుంది. మీ పాత పికప్ లీటరుకు 11 కిలోమీటర్లు ఇస్తుంది. డీజిల్ 95 రూపాయలు. అంటే ట్రిప్పుకు డీజిల్ ఖర్చు దాదాపు 690. కిరాయికి తిప్పే చిన్న సరుకు బండ్లకు థర్డ్ పార్టీ ప్రీమియం 2022 నిర్ణయం ప్రకారం 16,049. పన్నుతో కలిపి 17 వేలు అనుకోండి. ఎఫ్‌సీ, రోడ్డు పన్ను కలిసి మరో 12 వేలు. బండి కదిలినా కదలకపోయినా ఏడాదికి ఈ 29 వేలు తప్పవు.

ఏడాదికి 40 ట్రిప్పులే అయితే: తప్పని ఖర్చు 29 వేలు, ఆయిల్, టైర్లు, బ్యాటరీ, చిన్న రిపేర్లకు 45 వేలు, డీజిల్‌కు 27,600. మొత్తం లక్షా పదహారు వందలు. అదే కిరాయి బండికైతే 80 వేలతో పోతుంది. బండి మంచిదైనా సరే, ఇక్కడ అమ్మేయడమే లాభం.

100 ట్రిప్పులు అయితే: తప్పని ఖర్చు అదే 29 వేలు, అరుగుదల, రిపేర్లకు 60 వేలు, డీజిల్‌కు 69 వేలు. మొత్తం 1,58,000. కిరాయికైతే 2 లక్షలు. పాత బండి ఏడాదికి 42 వేలు మిగిలిస్తోంది.

ఇక్కడే రిపేరుకు హద్దు ఎంతో తెలుస్తుంది. బాగు చేశాక బండి ఇంకో మూడేళ్లు నడుస్తుందనుకుంటే, మీకు మిగిలేది 1,26,000. ఇంజిన్ పనికి, బాడీ పనికి కలిపి మెకానిక్ చెప్పే అంచనా అంతకు మించితే మీ జేబులోంచి పోసినట్టే. సగంలోపు ఉంటే ధైర్యంగా చేయించుకోవచ్చు. షెడ్డులో విప్పాక అంచనా పెరగడం మామూలే కాబట్టి సగం అంటున్నాను.

కొత్త బండి సంగతి: 9 లక్షల బండికి 1,80,000 ముందు కట్టి, మిగతా 7,20,000 పది శాతం వడ్డీకి ఐదేళ్ల అప్పు తీసుకుంటే నెల వాయిదా 15,300 దాకా పడుతుంది. ఏడాదికి 1,83,000 పైనే. డీజిల్, బీమా వేరే. సొంత సరుకు వంద ట్రిప్పులకు ఇది గిట్టుబాటు కాదు. బయటి కిరాయిలు ఖాయంగా దొరికేవారికే కొత్త బండి. పంట మీద భరోసాతో బండి వాయిదా నెత్తిన పెట్టుకోవద్దు. ధర పడిపోయిన ఏడాది కూడా వాయిదా ఆగదు.

పాతది వదిలించుకోవాలనుకుంటే, నమోదైన తుక్కు కేంద్రంలో ఇచ్చి డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. దానితో కొత్త సరుకు బండి కొంటే రోడ్డు పన్నులో 15 శాతం దాకా రాయితీకి, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీకి కేంద్ర విధానంలో వీలుంది. ఊళ్లో పాత ఇనుము కొనేవారికి కాగితం లేకుండా అమ్మేస్తే ఆ బండి మీ పేరు మీదే ఉండిపోతుంది. దాని పన్ను, దాని పాపం మీ మెడకే చుట్టుకుంటాయి.

అరగంటలో బండి ఆరోగ్యం తెలుసుకోండి

పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూడండి.

• పొగ: నల్ల పొగ అయితే గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ. చాలాసార్లు ఎయిర్ ఫిల్టర్ దగ్గరే తీరిపోతుంది. నీలి పొగ అయితే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది, పిస్టన్ రింగులు అరిగాయన్నమాట. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకుండా, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ అనుమానించాలి.
• ఆయిల్ మూత: ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత వదులు చేసి చూడండి. పొగ బుసబుసా తన్నుకొస్తుంటే బోరు పని దగ్గరపడింది.
• ఆయిల్ రంగు: గేజీ పుల్ల మీద ఆయిల్ పాల టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. ఆ బండిని నడపకండి.
• ఛాసిస్: సుత్తితో చిన్నగా తట్టుకుంటూ వెళ్లండి. ఖంగున మోగాలి. మందకొడిగా మోగినా, పెచ్చులు రాలినా అక్కడ ఇనుము తినేసింది. వెనుక కమాన్ కట్టలు బిగించే చోట, తొట్టి బోల్టుల దగ్గర ముఖ్యంగా చూడండి.

ఇంజిన్ పాడైతే డబ్బుతో బాగవుతుంది. ఛాసిస్ లోపలి నుంచి తినేస్తే మాత్రం డబ్బు పెట్టకండి. అతుకులు వేసిన ఛాసిస్ లోడుతో మలుపులో ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం.

ఇంటి దగ్గర మీరు చేసుకోగల పనులు

ముందు ప్రాణం సంగతి. జాకీ ఒక్కదాని మీద బండి నిలబెట్టి కిందకు దూరకండి. ఇటుకలు, రాళ్లు నమ్మొద్దు. గట్టి స్టాండ్లు పెట్టి, మిగతా చక్రాలకు అడ్డు కట్టాలి. వేడి రేడియేటర్ మూత తిప్పకండి. కరెంటు పని చేసేటప్పుడు ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ తీయండి.

ఎయిర్ ఫిల్టర్: వరి గడ్డి, మిరప, పసుపు, జొన్న దుమ్ములో తిరిగే బండికి కంపెనీ పుస్తకంలో రాసిన గడువు చాలదు. సీజన్‌లో పదిహేను రోజులకోసారి తీసి దులపండి. గాలి కొడితే లోపలి నుంచి బయటకు, తక్కువ ఒత్తిడితో కొట్టాలి. కాగితం ఫిల్టర్‌ను నీళ్లతో కడగొద్దు.

డీజిల్ ఫిల్టర్: ఫిల్టర్ అడుగున ఉండే స్క్రూ వదిలి వారానికోసారి నీళ్లు వదిలేయండి. వానాకాలంలో ఇది మరీ ముఖ్యం. డ్రమ్ములో నిల్వ ఉంచిన డీజిల్‌కు నీళ్లు పడతాయి. ఫిల్టర్ మార్చాక గాలి పడితే బండి స్టార్ట్ కాదు. మెకానికల్ పంపు ఉన్న పాత బండికైతే చేతి ప్రైమర్ కొట్టి, బ్లీడింగ్ స్క్రూ దగ్గర బుడగలు ఆగేదాకా డీజిల్ వదిలితే సరిపోతుంది. ఊరికే సెల్ఫ్ కొట్టి బ్యాటరీ దించుకోవద్దు.

ఇంజిన్ ఆయిల్: కంపెనీ పుస్తకంలో చెప్పిన గ్రేడే పోయండి. ఆయిల్‌తో పాటు ఆయిల్ ఫిల్టర్ కూడా మార్చాలి. తక్కువ ట్రిప్పులు తిరిగే బండికైనా ఏడాదికోసారి తప్పనిసరి.

రేడియేటర్: బోరు నీళ్లు పోయడం మనకు అలవాటు. ఆ నీటిలోని సున్నం లోపల పేరుకుపోయి గొట్టాలు పూడుస్తుంది. టీ కాచే గిన్నె అడుగున తెల్లగా కట్టేది అదే. ఎండాకాలం లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు బండి వేడెక్కడానికి ఇదే పెద్ద కారణం. కూలెంట్, శుద్ధి చేసిన నీళ్లు కలిపి పోయండి. బయట జాలీకి పట్టిన గడ్డి, పురుగులు మెల్లగా నీళ్లు కొట్టి కడగండి.

బ్యాటరీ, తీగలు: టెర్మినళ్ల మీద తెల్లగా పొంగిన పూతను వేడినీళ్లతో కడిగి, ఆరాక బిగించి వాజిలిన్ రాయండి. ఇంజిన్‌కు, ఛాసిస్‌కు మధ్య ఎర్త్ తీగ తుప్పు గీకి బిగించండి. "సెల్ఫ్ మోటార్ పోయింది" అనుకున్న బండ్లలో కొన్ని ఈ ఒక్క పనితో లేస్తాయి.

గ్రీజు, టైర్లు: షాఫ్టు క్రాసులకు, కమాన్ పిన్నులకు గ్రీజు పెట్టండి. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టప్రకారం పనికిరాదు. టైరు ఒక వైపే అరుగుతుంటే కొత్త టైరు కొనే ముందు అలైన్‌మెంట్ చూపించండి.

ఈ పనుల ఫలితం కొలవాలి. ట్యాంకు నిండా కొట్టించి, మీటరు రాసుకుని, మళ్లీ నిండుగా కొట్టించేదాకా ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో చూడండి. 11 ఇచ్చే బండి 13 ఇస్తే, ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగేవారికి దాదాపు 168 లీటర్లు, అంటే 16 వేల రూపాయల దాకా మిగులుతుంది.

మెకానిక్‌కే వదలాల్సినవి

డీజిల్ పంపు, ఇంజెక్టర్లు ఇంట్లో విప్పకండి. వాటిని పరీక్ష బెంచీ ఉన్న డీజిల్ పంపు షాపులోనే సరిచేయించాలి. "పంపు పెంచితే పికప్ బాగుంటుంది" అని స్క్రూ తిప్పించుకుంటారు కొందరు. డీజిల్ ఎక్కువ తాగుతుంది, పొగ పరీక్షలో తప్పుతుంది, చివరికి ఇంజిన్ కాలుతుంది. కామన్ రైల్ బండ్లలో డీజిల్ గొట్టాల్లో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. లీకు ఎక్కడుందో చేత్తో తడిమితే డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, వేలు తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు.

బ్రేకులు, స్టీరింగ్ కూడా అంతే. బ్రేక్ ఆయిల్ మట్టం చూడటం, లీకులు గమనించడం మీ పని. విప్పి బిగించడం తెలిసినవారి పని. బ్రేక్ డ్రమ్ములోని దుమ్మును గాలి కొట్టి ఎగరగొట్టొద్దు, ఊపిరితిత్తులకు చేటు.

ఎరువులు, ఉప్పునీళ్లు చేసే నష్టం

వ్యవసాయంలో వాడే బండికి అందరికన్నా పెద్ద శత్రువు తుప్పు. యూరియా, పొటాష్ బస్తాల నుంచి రాలిన గింజలు తొట్టి సందుల్లో చేరి, తేమ తగలగానే ఇనుమును తినడం మొదలుపెడతాయి. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌లో క్లోరైడ్ ఉంటుంది. అది ఉప్పులాగే పనిచేస్తుంది. కోస్తాలో రొయ్యలు, చేపలు మోసే బండ్లు తొందరగా పుచ్చిపోవడానికీ ఉప్పునీళ్లే కారణం.

ఎరువు దించిన రోజే ముందు చీపురుతో ఊడ్చి, తర్వాత మంచినీళ్లతో తొట్టి, ఛాసిస్ కింది భాగం కడిగి ఎండబెట్టండి. తొట్టి నీళ్లు పోయే రంధ్రాలు పూడకుండా చూడండి. ఏడాదికోసారి తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, పైన పెయింటు వేయండి. వేసవిలో ఇంటి దగ్గర ఇద్దరు ఒక పూటలో చేసుకునే పని ఇది. ఛాసిస్‌కు ఇంతకన్నా చవకైన ఆయుష్షు మరొకటి లేదు. పురుగుమందులు తెచ్చిన తొట్టిలో కడగకుండా కూరగాయలు, దాణా వేయకూడదు.

ఏ మార్పులు మేలు, ఏవి కేసు

చట్టం ప్రకారం ఆర్‌సీలో ఉన్న కంపెనీ కొలతలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. తొట్టి పొడవు పెంచడం, ఇంజిన్ మార్చి నమోదు చేయించకపోవడం, కళ్లు చెదిరే లైట్లు బిగించడం ఇందులోకే వస్తాయి.

కమాన్ పట్టీ ఒకటి అదనంగా వేయిస్తే బండి ఎక్కువ మోస్తుందన్నది అపోహ. కమాన్ వంగదు, అంతే. బ్రేకులు, ఇరుసు, టైర్లు అవే కదా. లోడు దాటితే జరిమానా 20,000 నుంచి మొదలవుతుంది, అదనపు టన్నుకు మరో 2,000.

నిజంగా పనికొచ్చే మార్పులు చిన్నవే: వెనుక, పక్కల రిఫ్లెక్టర్ పట్టీలు, రివర్స్ హారన్, టార్పాలిన్ కట్టడానికి గట్టి కొక్కేలు, తొట్టి అడుగున రబ్బరు మ్యాట్, టమాటా, మామిడి క్రేట్లు జారకుండా పట్టీలు, పనిచేసే సీటు బెల్టు. రాత్రి మూడింటికి యార్డుకు బయల్దేరే బండికి రిఫ్లెక్టర్ పట్టీ చేసే మేలు ఏ ఇంజిన్ మార్పూ చేయదు.

ఎఫ్‌సీకి వెళ్లే ముందు పొగ పరీక్ష చేయించండి. బీఎస్-4కు ముందు డీజిల్ బండ్లకు పొగ హద్దు 65 హెచ్‌ఎస్‌యూ, బీఎస్-4 బండ్లకు 50. కొత్తగా తెరుస్తున్న ఆటోమేటిక్ పరీక్షా కేంద్రాల్లో బ్రేకు, లైటు, పొగ అన్నీ యంత్రమే కొలుస్తుంది. అక్కడ మాట సాయం పనిచేయదు.

కూలీలను ఎక్కించొద్దు

మిరప కోతలు, నాట్ల రోజుల్లో పికప్ తొట్టిలో ఇరవై మందిని నిలబెట్టి తీసుకెళ్లడం మామూలైపోయింది. సరుకు బండి బీమా సరుకు యజమానికి వర్తిస్తుంది కానీ, తొట్టిలో ఎక్కిన కూలీలకు వర్తించదని కంపెనీలు వాదిస్తాయి. ప్రమాదం జరిగితే పరిహారం యజమాని మీద పడుతుంది. అంటే మీ ఎకరం, రెండెకరాల మీద పడుతుంది. అంతకన్నా ముందు పోయేవి మన ఊరి ఆడవాళ్ల ప్రాణాలు. బండి ఎంత బాగు చేసినా ఈ పనికి అది పనికిరాదు. కూలీలకు ఆటోనో, బస్సు ఛార్జీయో ఇవ్వండి.

వాడిన ఆయిల్ పొలంలో పోయొద్దు

మార్చిన ఆయిల్‌ను కాలువలో, బావి దగ్గర, గట్టు మీద పోయకండి. అది పడిన చోట మొలక రాదు, నీళ్లు పాడవుతాయి. పశువుల పుండ్లకు, చెట్ల మొదళ్లకు రాసే అలవాటు కూడా మానాలి. అందులో సీసం లాంటి లోహాలు కలిసి ఉంటాయి. డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ సేకరించే షెడ్డుకు ఇవ్వండి. పాత బ్యాటరీని కొత్తది కొన్న దుకాణంలోనే తిరిగి ఇస్తే కొంత ధర తగ్గిస్తారు.

ఈ వారం చేయాల్సినవి

ఆర్‌సీ, బీమా, ఎఫ్‌సీ తేదీలు ఒక కాగితం మీద రాసి బండి అద్దం దగ్గర అంటించండి. పోయిన ఏడాది ఎన్ని ట్రిప్పులు తిరిగారో, ఎంత ఖర్చయిందో గుర్తున్నంత మేర లెక్క వేయండి. సుత్తితో ఛాసిస్ తట్టి చూడండి. ఛాసిస్ గట్టిగా ఉండి, ట్రిప్పులు ఎనభై, వంద దాటుతుంటే ఎయిర్ ఫిల్టర్‌తో పని మొదలుపెట్టండి. ట్రిప్పులు నలభై కూడా లేకపోతే, ఈ ఎఫ్‌సీ గడువులోపే మంచి ధరకు అమ్మేయండి. ఎఫ్‌సీ ఉన్న బండికి పలికే ధర లేని బండికి పలకదు.